బహుమతి ఎవరి సొమ్ము? లక్కీ డ్రాల వెనక చట్టాలూ పన్నులూ

దసరా దగ్గరపడుతోందంటే తెలంగాణలో చాలా ఊళ్ల కూడళ్లలో "వంద కొట్టు, మేకను పట్టు" అనే ఫ్లెక్సీలు వెలుస్తాయి. వంద రూపాయలిచ్చిన వాళ్ల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి, పండగకు ఒకటి రెండు రోజుల ముందు అందరి ఎదుటా ఒక్కొక్కటీ తీస్తారు. మొదటి చీటీకి మేక, తర్వాతి వాటికి మద్యం సీసాలు, నాటుకోళ్లు, చీరలు. ఆ రోజుల్లోనే పట్నంలో బట్టల దుకాణం ప్రతి రెండు వేల రూపాయల కొనుగోలుకూ ఒక కూపన్ ఇస్తూ, గుమ్మం ముందు రిబ్బను కట్టిన కారును నిలబెడుతుంది. ఆ రోజుల్లోనే ఫోనుకు ఒక సందేశం కూడా వస్తుంది: మీ నంబరు పాతిక లక్షల బహుమతికి ఎంపికైంది, వెంటనే సంప్రదించండి. చూసేవారికి మూడూ అదృష్టం పరీక్షించుకునే వ్యవహారాలే. చట్టం దృష్టిలో మాత్రం మొదటిది నిర్వాహకుల మీద కేసు పెట్టదగిన ప్రైవేటు లాటరీ, రెండోది కొన్ని షరతుల మధ్య నడుస్తున్న వ్యాపార ప్రచారం, మూడోది పచ్చి మోసం.

ఈ తేడాను గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలా దూరం పనికొస్తుంది. ఆ బహుమతిని ఎవరి డబ్బుతో కొంటున్నారు? నిర్వాహకుడు తన వ్యాపార ప్రచార ఖర్చులోంచి ఇస్తున్నాడా, లేక పాల్గొన్నవాళ్లు వేసిన డబ్బులోంచే కొంత తీసి ఒకరికి ఇచ్చి మిగతాది తాను ఉంచుకుంటున్నాడా? మేక డ్రాలో 500 చీటీలు అమ్ముడైతే 50,000 రూపాయలు వసూలవుతాయి. మేకకూ, కోళ్లకూ, సీసాలకూ అందులో ఎంత పోయినా, నిర్వాహకుడి జేబులోంచి ఒక్క రూపాయి కూడా పెట్టినట్టు కాదు. బట్టల దుకాణం కారు అలా కాదు, కనీసం కాకూడదు. లాటరీల మీద మన చట్టాలూ, కోర్టు తీర్పులూ చెప్పే సూత్రం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: బహుమతి, అదృష్టం మీద ఆధారపడిన ఎంపిక, పాల్గొనడానికి ఇచ్చే ప్రతిఫలం అనే మూడూ ఒకచోట కలిస్తే అది లాటరీ అవుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వ్యవహారం వేరే దారి పడుతుంది.

రాజ్యాంగంలో ఈ విషయం రెండు జాబితాల మధ్య చీలి ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే లాటరీలు కేంద్ర జాబితాలో 40వ అంశం కాగా, పందేలూ జూదమూ రాష్ట్ర జాబితాలో 34వ అంశం. అందుకే ఒకే కూపన్, ఒకే యాప్, ఒకే టికెట్ విషయంలో పాల్గొనే వ్యక్తి ఏ రాష్ట్రంలో ఉంటున్నాడన్న దాన్నిబట్టి సమాధానం మారిపోతుంది. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు లాటరీ నడిపే వీలు కల్పిస్తూనే, టికెట్ల మీద ఆ రాష్ట్రం ముద్ర ఉండాలని, డ్రాను ప్రభుత్వమే తన రాష్ట్రంలోనే తీయాలని, ఒక్క అంకె మీద బహుమతులు పెట్టకూడదని షరతులు విధించింది. అదే చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇతర రాష్ట్రాల లాటరీ టికెట్ల అమ్మకాన్ని తన పరిధిలో నిషేధించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు లాటరీలు నడపవు, బయటి టికెట్లను ఇక్కడ అమ్మనివ్వవు. ఇక వ్యక్తులు నడిపే లాటరీలకు దేశంలో ఎక్కడా చోటు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 297వ సెక్షన్, ప్రభుత్వ అనుమతి లేని లాటరీ డ్రా తీయడానికి కార్యాలయమో స్థలమో నడిపినవారికి ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధిస్తుంది. అలాంటి డ్రా గురించి ప్రచురించినవారికి కూడా జరిమానా ఉంటుంది. ఫ్లెక్సీ ఫోటోను వాట్సాప్ గ్రూపుల్లో ఉత్సాహంగా పంచేవాళ్లు ఈ రెండో భాగాన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

ఈ మధ్య అమ్ముడుపోని ఇళ్లనూ ప్లాట్లనూ 500, 1,000 రూపాయల కూపన్ల మీద లక్కీ డ్రాకు పెట్టడం కొన్నిచోట్ల మొదలైంది. సూత్రంలో ఇది మేక డ్రాకు ఏమీ తీసిపోదు, ప్రమాదంలో మాత్రం చాలా పెద్దది. ఎన్ని కూపన్లు అచ్చువేశారో, ఎన్ని అమ్మారో చూసే అధికారి లేడు. ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందో, కోర్టు వివాదం ఉందో కూపన్ కొనేవాడు ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలనూ తాకట్లనూ చూపే ధ్రువపత్రం) తీయించి చూడడు. డ్రా తర్వాత యజమాని రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, చట్టవిరుద్ధమైన ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టుకు వెళ్లే దారి కూడా గెలిచినవాడికి మూసుకుపోతుంది.

వాయిదాల స్కీముల సంగతి

నన్నడిగితే మన పట్టణాల్లో అన్నిటికన్నా తక్కువమందికి తెలిసిన, అన్నిటికన్నా ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే చట్టం 1978 నాటి ప్రైజ్ చిట్ల, ధన ప్రసరణ పథకాల నిషేధ చట్టం. దాని దెబ్బ ఎక్కడ తగులుతుందో అర్థం కావాలంటే ఊళ్లలో తిరిగే స్కీము కార్డును ఒకదాన్ని దగ్గరగా చూడాలి. అట్ట మీద ఒకవైపు బైకు, ఫ్రిజ్జు, టీవీ బొమ్మలు ఉంటాయి. రెండోవైపు ఇరవై గళ్లు, ప్రతి గడిలో నెల పేరు, వసూలు చేసినవాడి సంతకానికి చోటు. నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇరవై నెలలు కట్టాలి. ప్రతి నెలా డ్రాలో ఒక సభ్యుడికి బైకు వస్తుంది, బైకు వచ్చినవాడు మిగతా వాయిదాలు కట్టనక్కరలేదు. ఇరవై నెలలూ కట్టి ఏమీ రానివాళ్లకు చివర్లో వాళ్లు కట్టినంత విలువ చేసే వస్తువు ఇస్తామని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సభ్యుల నుంచి వాయిదాల్లో డబ్బు పోగుచేసి, డ్రా తీసి కొందరికి బహుమతులిచ్చి, మిగతావారికి కట్టినదాన్నో అందులో భాగాన్నో తిరిగి ఇచ్చే ఈ ఏర్పాటునే ఆ చట్టం ప్రైజ్ చిట్ అంటుంది.

ఈ చట్టంలో పాఠకుడు గమనించాల్సింది 3వ సెక్షన్. అది పథకం నడపడాన్ని మాత్రమే నిషేధించి ఊరుకోలేదు. అందులో సభ్యుడిగా చేరడాన్ని, పాల్గొనడాన్ని, దాని కింద డబ్బు ఇవ్వడాన్ని, పుచ్చుకోవడాన్ని కూడా నిషేధించింది. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసులు సాధారణంగా సభ్యులను బాధితులుగానే చూస్తారు, నిర్వాహకుల మీదే కేసులు పెడతారు. అయినా, బోర్డు తిప్పేసిన స్కీము మీద ఫిర్యాదుకు వెళ్లేటప్పుడు మనం నిలబడిన నేల అంత గట్టిది కాదన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. డిపాజిట్ల పేరుతో వసూలు చేసి ఎగ్గొట్టిన సంస్థల ఆస్తులను జప్తు చేయించడానికి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, కానీ అది నెమ్మదిగా నడిచే దారి.

దీన్ని మనకు అలవాటైన చీటీ పాటతో కలిపి చూడకూడదు. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో ప్రతి సభ్యుడికీ ఏదో ఒక నెలలో చిట్టీ మొత్తం దక్కుతుంది, ఒకరు గెలిచినంత మాత్రాన మిగతావారు ఓడిపోయినట్టు కాదు. ఆ చిట్టీని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి, ఫోర్‌మన్, అంటే చిట్టీ నడిపే వ్యక్తి, పూచీ డిపాజిట్ కట్టాలి. స్కీము వాళ్లు "మాది కూడా చిట్టీ లాంటిదే" అన్నప్పుడు అడగాల్సింది ఆ రిజిస్ట్రేషన్ నంబరే.

కొంటే కూపన్

దుకాణం కూపన్ల విషయం ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది. కూపన్‌కు విడిగా డబ్బు తీసుకోవడం లేదు, వస్తువును ఎప్పటి ధరకే అమ్ముతున్నాం, బహుమతి మా ప్రచార ఖర్చు అన్నది దుకాణదారుల వాదన. ఆచరణలో ఆ వాదన మీదే పండగ డ్రాలన్నీ నడుస్తున్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టాన్ని అక్షరాలా చదివితే మాత్రం అంత నిశ్చింత ఉండదు. 2వ సెక్షన్‌లోని 47వ క్లాజు, అమ్మకాలు పెంచుకోవడం కోసం పోటీలు, లాటరీలు, అదృష్టపు ఆటలు నిర్వహించడాన్ని నిబంధనలు మినహాయించినవి తప్ప అనుచిత వ్యాపార విధానాల జాబితాలోనే చేర్చింది. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, ధరలో కలిపేసి ఉచితమని నమ్మించడం, పథకం ముగిశాక తుది ఫలితాలను పాల్గొన్నవారికి చెప్పకుండా దాచడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ప్రకటన ఏ పత్రికల్లో వచ్చిందో, ఫలితాలు కూడా ఆ పత్రికల్లోనే తగిన వ్యవధిలో ప్రముఖంగా రావాలని చట్టం వివరణ ఇచ్చింది. మొదటి పేజీ నిండా కారు బొమ్మ వేసి ప్రకటన ఇచ్చి, విజేత పేరును దుకాణం గోడకు అంటించిన ఎ4 కాగితంతో సరిపెట్టే అలవాటు ఈ వివరణకు ఎంత దూరంలో ఉందో చెప్పనక్కరలేదు.

బహుమతి సొమ్ము ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న పెద్ద కోర్టుల దాకా వెళ్లిన సందర్భం కూడా ఒకటుంది. 2007లో కౌన్ బనేగా కరోడ్‌పతి ప్రసారంతో పాటు ప్రేక్షకులు ఎస్‌ఎమ్‌ఎస్ ద్వారా జవాబు పంపే పోటీ నడిచింది. సరైన జవాబులు పంపినవారిలోంచి ఒకరిని ఎంపిక చేసి బహుమతి ఇచ్చేవారు. ఆ ఎస్‌ఎమ్‌ఎస్‌కు మామూలు రేటు కన్నా ఎక్కువగా 2 రూపాయల 40 పైసలు పడేది. బహుమతి ఉచితమన్న భ్రమ కల్పించి ఆ ఖర్చును ప్రేక్షకుల నుంచే రాబట్టారని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ నిర్ణయించి, ప్రసార సంస్థ, టెలికాం సంస్థ కోటి రూపాయలు కట్టాలంది. ఎస్‌ఎమ్‌ఎస్ ఆదాయంలోంచే బహుమతి వచ్చిందనడానికి ఆధారం లేదంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఫలితం ఎలా ఉన్నా, వాదమంతా తిరిగిన ఇరుసు మాత్రం మనం మొదట వేసుకున్న ప్రశ్నే.

రాష్ట్రం పేరు బట్టి అర్హత ఎలా మారుతుందో చూడాలంటే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలు పెట్టే క్విజ్‌ల నిబంధనలు తెరిచి చదవాలి. చాలావాటిలో తమిళనాడు వాసులు అర్హులు కారని ఒక వాక్యం కనిపిస్తుంది. అమ్మకాలతో ముడిపెట్టి డ్రా తీసే బహుమతి పథకాలను తమిళనాడు 1979లోనే ప్రత్యేక చట్టంతో నిషేధించింది. చెన్నైలో ఉద్యోగం చేస్తూ తిరుపతిలోనో నెల్లూరులోనో సొంతిల్లు ఉన్న తెలుగువారికి ఇది నేరుగా తగులుతుంది. పోటీలో పాల్గొనేటప్పుడు ఊరి చిరునామా ఇచ్చి గట్టెక్కవచ్చనుకుంటారు గానీ, గెలిచాక చిరునామా ధ్రువపత్రం అడిగినప్పుడు వివరాలు పొసగకపోతే బహుమతి రద్దు చేసే హక్కును ఆ నిబంధనలే నిర్వాహకులకు ఇస్తాయి.

నైపుణ్యం ఆటల విషయంలో తెలుగు రాష్ట్రాల వాసులే బయట ఉండిపోయారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే వచ్చింది. అయినా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యం ఆట అయినా సరే డబ్బు పెట్టి ఆడితే నేరమన్నాయి. ఫాంటసీ క్రికెట్ యాప్‌లు డబ్బు పోటీల నుంచి ఈ రెండు రాష్ట్రాల వారిని మినహాయిస్తూ వచ్చినదానికి కారణం ఇదే. లొకేషన్ మార్చి ఆడినవారికి గెలిచిన డబ్బు విత్‌డ్రా చేసుకునే దగ్గర కేవైసీలో, అంటే గుర్తింపు పత్రాల తనిఖీలో, దొరికిపోవడం మామూలుగా ఉండేది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ప్రవేశ రుసుము లేని క్విజ్‌లకూ, వ్యాసరచన, ఫోటోల పోటీలకూ దీనితో పేచీ లేదు.

పదాలు పూరించే పోటీలకు కూడా పాత చట్టం ఒకటుందని చాలామందికి తెలియదు. 1955 నాటి ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టాన్ని పార్లమెంటు కొన్ని రాష్ట్రాల కోరిక మీద చేసింది. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్ర, హైదరాబాద్ రెండూ ఉన్నాయి. నెలకు వెయ్యి రూపాయలు మించిన బహుమతులు పెట్టకూడదని, ఎంట్రీలు 2,000 దాటకూడదని అందులో ఉంది. అయితే ఆ కట్టడి అదృష్టం మీద నడిచే వాటికే గానీ తెలివి మీద నడిచే వాటికి కాదని 1957లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పొరుగు రాష్ట్రం, పరాయి దేశం

1967లో ప్రభుత్వ లాటరీ మొదలుపెట్టిన కేరళకు ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెలుగు అయ్యప్ప భక్తులు లక్షల్లో వెళతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ క్రిస్మస్, న్యూ ఇయర్ బంపర్ టికెట్లు అమ్ముతుంటారు. కేరళలో దుకాణానికి వెళ్లి టికెట్ కొనుక్కోవడంలో తప్పు లేదు. గెలిస్తే అసలు టికెట్ చేతిలో ఉండాలి, వెనక పేరు రాసి సంతకం చేసి ఉండాలి, డ్రా తర్వాత 30 రోజుల్లోగా దాఖలు చేయాలి. ఇంటికి తెచ్చి పూజ గదిలో పెట్టి మరిచిపోయిన టికెట్‌కు విలువ లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కేరళ లాటరీ శాఖ కాగితం టికెట్లు తప్ప ఆన్‌లైన్‌లో ఏమీ అమ్మదు. కేరళ లాటరీ పేరుతో తెలుగులో వచ్చే వాట్సాప్ ప్రకటనలు, యాప్‌లు, "టికెట్ ఫోటో పంపిస్తాం, ఫోన్‌పే చేయండి" అనే నంబర్లు అన్నీ నకిలీవే. పైగా 1998 చట్టంలోని 7వ సెక్షన్, ఆ చట్టానికి విరుద్ధంగా నడిచే లాటరీ టికెట్‌ను అమ్మినవారితో పాటు కొన్నవారిని కూడా శిక్ష పరిధిలోకి తెచ్చింది.

విదేశీ డ్రాల విషయంలో నియమం ఇంకా సూటిగా ఉంది. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం కింద 2000లో వచ్చిన కరెంట్ ఖాతా లావాదేవీల నియమాలు, లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్, స్వీప్‌స్టేక్స్ కోసం దేశం నుంచి డబ్బు పంపడాన్ని పూర్తిగా నిషేధించాయి. దుబాయ్ విమానాశ్రయంలో 1999 నుంచి నడుస్తున్న పది లక్షల డాలర్ల డ్రాలో గానీ, అబుదాబి డ్రా టికెట్లలో గానీ అక్కడ పనిచేసే జగిత్యాల, నిజామాబాద్, కడప వాసులు పాల్గొనడం అక్కడి చట్టానికి సంబంధించిన వ్యవహారం. ఇక్కడి నుంచి కార్డు గీకి కొనడం మాత్రం ఉల్లంఘనే అవుతుంది. గల్ఫ్‌లో పదిమంది కలిసి డబ్బులేసుకుని ఒకరి పేరున టికెట్ కొనేవాళ్లు, ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే నిర్వాహకులు టికెట్ మీద పేరున్న వ్యక్తికే డబ్బిస్తారు.

అమెరికాలో ఉండే తెలుగువారికి ఇదే సూత్రం ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ కంపెనీలు తమ డ్రాలు లాటరీలుగా మారకుండా ఉండటానికి ప్రతిఫలాన్ని తీసేస్తాయి. కొనకపోయినా ఉచితంగా పాల్గొనే దారిని నిబంధనల్లో చూపిస్తాయి, కొన్నవారికీ కొననివారికీ గెలిచే అవకాశం సమానంగానే ఉండాలి. మొత్తం బహుమతుల విలువ 5,000 డాలర్లు దాటితే న్యూయార్క్, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ముందుగా నమోదు చేయించి బాండు పెట్టాలి.

పన్ను దగ్గర పడే ముడి

"అసలైన బహుమతికి ముందు డబ్బు అడగరు" అన్నది అందరూ చెప్పే జాగ్రత్త. నూటికి తొంభై సందర్భాల్లో అది సరిపోతుంది. మిగిలిన పదిలో మాత్రం అది మనల్ని తప్పుదారి పట్టించగలదు, ఆ పదిని ఆసరా చేసుకునే మోసగాళ్లు బతుకుతున్నారన్నమాట. కనుక ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

లాటరీలు, పదపూరణాలు, పందేలు, ఇతర ఆటల్లో గెలిచిన దాని మీద ఆదాయపు పన్ను 30 శాతం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దీన్ని 115బీబీ సెక్షన్ చెప్పింది. 2025లో ఆమోదం పొంది, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు వేరు. 30 శాతం మీద 4 శాతం సెస్సు కలిపితే 31.2 శాతం. ఇతర ఆదాయం ఏమీ లేని విద్యార్థికైనా, గృహిణికైనా ఈ పన్ను తప్పదు, మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు దీనికి వర్తించదు. బహుమతి 10,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లే 30 శాతం టీడీఎస్‌గా, అంటే చెల్లింపు దగ్గరే పట్టుకునే పన్నుగా, మినహాయించాలి. ఈ 10,000 పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో గెలుపుకు విడివిడిగా చూస్తున్నారు. పరిమితి లోపల గెలిస్తే టీడీఎస్ పట్టరు గానీ పన్ను పోదు, రిటర్నులో చూపించి కట్టాల్సిందే.

నగదు బహుమతి అయితే లెక్క సులువు. లక్ష గెలిస్తే 30,000 పట్టుకుని 70,000 ఖాతాలో వేస్తారు. ఇక్కడ "ముందు పన్ను కట్టండి, తర్వాత లక్ష పంపుతాం" అనే మాటకు ఏ చట్టంలోనూ చోటు లేదు. చిక్కంతా కారు, ఇల్లు లాంటి వస్తు రూపంలోని బహుమతులతోనే. కారులోంచి 30 శాతం కోసి పట్టుకోవడం కుదరదు కాబట్టి, వస్తువును అప్పగించే ముందే పన్ను చెల్లింపు జరిగేలా చూసుకోవాల్సిన బాధ్యతను చట్టం నిర్వాహకుడి మీద పెట్టింది. ఆరు లక్షల కారు గెలిచినవారి విషయంలో ఆ పన్ను 1,80,000 రూపాయలు. రిటర్ను దాఖలు చేసేటప్పుడు సెస్సు కింద మరో 7,200. కొన్ని కంపెనీలు ఈ భారం తామే మోస్తాయి, కొన్ని గెలిచినవారినే కట్టమంటాయి. అంటే నిజమైన కంపెనీ కూడా, నిజమైన బహుమతికి, ముందుగా డబ్బు అడిగే సందర్భం ఒకటి ఉంది. 20 లక్షల ఇంటిని 500 రూపాయల కూపన్ మీద గెలిచినవాడికి ఆరు లక్షల పై చిలుకు పన్ను కట్టాల్సి వస్తుందని ఆ కూపన్లు అమ్మేవాళ్లు ఫ్లెక్సీ మీద రాయరు.

మరి అసలుకీ నకిలీకీ తేడా ఎక్కడ? డబ్బు ఎటు పోతోందన్న దాని దగ్గర. పన్ను అన్నది ప్రభుత్వ ఖాతాకు చలానా రూపంలో చేరాలి. నిర్వాహకుడి ద్వారా కడితే అతని ట్యాన్ నంబరు (పన్ను పట్టి జమచేసేవారికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మీద, గెలిచిన వ్యక్తి పాన్‌కు జమపడేలా కట్టాలి. దానికి టీడీఎస్ ధ్రువపత్రం ఇవ్వాలి, అది ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఆ వ్యక్తి పన్ను జమల వివరాల్లో కనిపించాలి. కాబట్టి ట్యాన్ నంబరు అడగడం, కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకు తప్ప వ్యక్తి పేరున్న ఖాతాకో యూపీఐ ఐడీకో పంపనని చెప్పడం మర్యాదకు లోటేమీ కాదు. నిజమైన సంస్థ ఈ అడగడాన్ని తప్పుపట్టదు. జీఎస్టీ, కస్టమ్స్, ఆర్బీఐ క్లియరెన్స్, ఎన్‌ఓసీ పేర్లతో అడిగేదంతా కట్టుకథ. బహుమతి అందుకునే వ్యక్తి జీఎస్టీ కట్టే పద్ధతి లేదు, రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేరున ఖాతాలు తెరవదని, బహుమతి సొమ్ములు పంచదని ఆ బ్యాంకే ఎన్నోసార్లు ప్రకటించింది.

పోస్టులో వచ్చే గీకుడు కార్డుల మోసం ఈ పన్ను అయోమయం మీదే నడుస్తుంది. కవరు మీద మన పేరు, చిరునామా, ఫోను నంబరు తప్పుల్లేకుండా ఉంటాయి, ఎందుకంటే ఎప్పుడో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు తాలూకు వివరాలు ఎక్కడో కారి అమ్ముడైపోయాయి. లోపల ప్రసిద్ధ కంపెనీ గుర్తుతో రంగుల కార్డు, వెండిపూత గీకితే కారో లక్షల సొమ్మో కనిపిస్తుంది. హెల్ప్‌లైన్ అని ఇచ్చినది పది అంకెల మామూలు మొబైల్ నంబరు. ఫోను చేస్తే కారు కావాలా, డబ్బు కావాలా అని మర్యాదగా అడుగుతారు. డబ్బంటే ముందు రిజిస్ట్రేషన్‌కు కొన్ని వేలు, అది కట్టాక పన్ను, ఆ తర్వాత ఇంకొకటి. మధ్యమధ్య గుర్తింపు కార్డు ఫోటో, ముద్రలు గుద్దిన చెక్కు ఫోటో పంపిస్తారు. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో వచ్చే పాతిక లక్షల వాట్సాప్ సందేశాలది కూడా ఇదే వరస. చాలా సందర్భాల్లో ఆ నంబర్లు పాకిస్థాన్ కోడ్ అయిన 92తో మొదలవుతాయి.

ఇన్‌స్టాగ్రామ్ గివ్‌అవేల దారి వేరు. ఫాలో అవ్వండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి అనేంతవరకు పోయేదేమీ లేదు. ఆ కామెంట్ల జాబితా చూసి, అసలు ఖాతాను పోలిన పేరుతో ఇంకో ఖాతా తెరిచి "మీరే విజేత" అని సందేశం పంపేవాళ్లతోనే ప్రమాదం. వాళ్లు పంపే లింకు వెనక ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) ఉంటే, అది ఫోనులోకి చేరి ఓటీపీ సందేశాలను చదవగలదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కావాలి, అందుకోవడానికి ఎన్నడూ అక్కరలేదు. పాన్ వివరాలు టీడీఎస్ కోసం గెలిచాక అవసరమవుతాయి గానీ, పాల్గొనే దశలో ఎవరికీ ఇవ్వనక్కరలేదు. ఆధార్ తప్పనిసరి అన్నచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

డబ్బు పోయాక

డబ్బు పంపేశాక అది మోసమని తెలిస్తే, మొదటి గంటల్లోనే 1930కి ఫోను చేయడం గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం గానీ జరగాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారిపోయేలోగా ఏదో ఒకచోట బ్యాంకు దాన్ని ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. అలా ఆగిన మొత్తాలను తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. యూపీఐ లావాదేవీ నంబరు, తేదీ, సమయం, పంపిన ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుని ఫోను చేస్తే పని త్వరగా సాగుతుంది.

ప్రకటించిన బహుమతి ఇవ్వని దుకాణం విషయంలో పోలీసుల కన్నా వినియోగదారుల కమిషన్ దారి నయం. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడవచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. అక్కడ వాదన నిలబడేది కాగితాల మీదే: కొనుగోలు బిల్లు, కూపన్‌లో మన దగ్గర మిగిలిన సగం, ప్రకటన వచ్చిన పత్రిక కాపీ లేదా ఫ్లెక్సీ ఫోటో. బిల్లు మీద కూపన్ నంబరు రాయించుకుంటే, ఆ కూపన్ అమ్మకంతో పాటు వచ్చిందేనని వేరే రుజువు చూపనక్కరలేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు ఉంటుంది. డ్రా తేదీని వాయిదా మీద వాయిదా వేసే నిర్వాహకులు చాలామంది ఆ గడువు కరిగిపోవడం కోసమే చూస్తుంటారు కాబట్టి, మొదటి వాయిదా నాడే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అందినట్టు రసీదు దాచుకోవాలి.